ఇంట్లో కట్టుకునే విమానానికి అల్యూమినియం రేకులు రివెట్ చేయడం ఎలా

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ 1973లో స్థాపించిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఆర్‌వీ విమానాల కిట్లు అమ్ముతుంది. వాటిలో ఒకదాన్ని తెచ్చుకుని గ్యారేజీలో కట్టుకోవాలని మీరు నిశ్చయించుకుంటే, మొదటి పెట్టె విప్పిన నాటి నుంచి మీకు నిత్యం ఉండే పని రివెటింగ్, అంటే రేకుల రంధ్రాలలో తల ఉన్న చిన్న లోహపు మేకులు పెట్టి, వాటి కొసను అణచి వెనక కూడా తల ఏర్పరచి బిగించడం. ఆర్‌వీ-7, ఆర్‌వీ-8, ఆర్‌వీ-10, ఆర్‌వీ-14 వంటి విమానాలలో పలుచని అల్యూమినియం రేకులను లోపలి పక్కటెముకల్లాంటి రిబ్బులకూ, దూలాల్లాంటి స్పార్లకూ రివెట్లతో బిగించి తోకనూ రెక్కలనూ ఫ్యూజిలాజ్‌నూ (విమానం మొండెం) తయారుచేస్తారు. ఒక్కో విమానంలో రివెట్ల సంఖ్య పది వేలు దాటుతుంది. ఔత్సాహికులు కట్టిన ప్రయోగాత్మక విమానంగా అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ధ్రువపత్రం ఇవ్వాలంటే నిర్మాణంలో సగానికి మించిన పని ఔత్సాహికులే నేర్చుకోవడం కోసమో వినోదం కోసమో స్వయంగా చేసి ఉండాలి కాబట్టి, మామూలు కిట్టు కొన్నవారికి ఈ పనిని ఇంకొకరి మీదకు నెట్టే వీలు ఉండదు.

రివెట్‌ను గాలి బలంతో కొట్టే గన్ను ట్రిగ్గర్ నొక్కి ఉంచే సమయం ఒక్కో రివెట్‌కు రెండు మూడు సెకన్లకు మించదు. ఆ రివెట్ సరిగ్గా కూర్చుంటుందా లేదా అన్నది అంతకు ముందే, రంధ్రం సైజులో, దాని అంచు నునుపులో, డింపుల్ (రివెట్ తల కూర్చునే గుంట) స్ఫుటంగా వచ్చిందా లేదా అన్నదానిలో, రివెట్ పొడవులో, రేకుల మధ్య ఖాళీ మిగిలిందా లేదా అన్నదానిలో దాదాపుగా తేలిపోయి ఉంటుంది. కొత్తవారు గన్ను చూసి భయపడతారు గానీ, నిజంగా భయపడవలసింది తొందరపడి దాటేసిన ఆ ముందు పనుల గురించే. అందుకే ఇక్కడ సగానికి పైగా గన్ను పట్టకముందు చేయవలసిన పనుల గురించే చెబుతున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఆర్‌వీ-12లోనూ, జెనిత్, సోనెక్స్ సంస్థల కిట్లలోనూ ఎక్కువ భాగం ఒక వైపు నుంచే లాగి బిగించే పుల్ రివెట్లు ఉంటాయి. ఆ పని చాలా సులువు, వేగం కూడా ఎక్కువ. ఈ వ్యాసం గన్నుతోనో, దవడల మధ్య నొక్కే స్క్వీజర్‌తోనో బిగించే సాలిడ్ రివెట్లకు సంబంధించినది.

రివెట్‌ను గుర్తించడం, పొడవు లెక్కకట్టడం

ప్లాన్లలో ఏఎన్426 ఏడీ3-3.5 అని కనిపిస్తే దానిని ముక్కలుగా చదవాలి. 426 అంటే రేకుతో సమంగా కూర్చునే చదును తల ఉన్న రివెట్, ఆ తల వాలు కోణం 100 డిగ్రీలు. 470 అంటే బయటికి ఉబ్బెత్తుగా కనిపించే గుండ్రని తల. ఏడీ అన్నది 2117-టీ4 అనే మిశ్రమ లోహాన్ని సూచిస్తుంది. తరువాతి 3 రివెట్ కాండం వ్యాసం, అంటే అంగుళంలో 32 భాగాలకు 3 భాగాలు. చివరి 3.5 పొడవు, అంటే అంగుళంలో 16 భాగాలకు మూడున్నర. చదును తల రివెట్‌కు ఈ పొడవును తలతో కలిపి కొలుస్తారు, గుండ్రని తల రివెట్‌కు తల కింది నుంచి కొలుస్తారు. గాలి ఒరుసుకుపోయే బయటి రేకులకు 426 రివెట్లు, లోపలి అతుకులకు ఎక్కువగా 470 రివెట్లు వాడతారు.

ఏడీ రివెట్ తల మధ్యలో చిన్న చుక్కంత గుంట ఉంటుంది. తల మీద ఏ గుర్తూ లేని రివెట్ 1100 రకం మెత్తని అల్యూమినియంది. అది భారం మోయని చోట్లకే పనికివస్తుంది. రెండూ ఒకే సైజులో, చూడటానికి ఒకేలా ఉండవచ్చు కాబట్టి, డబ్బాలు కలిసిపోకుండా చూసుకోండి. కింద పడిన రివెట్‌ను ఏరి తిరిగి డబ్బాలో వేసేముందు తల చూడండి. పెద్ద విమానాలలో వాడే 2024 రకం రివెట్లను వేడి చేసి చల్లార్చి, కొట్టేవరకు మంచుపెట్టెలో ఉంచవలసి వస్తుంది. 2117 రివెట్లకు ఆ బాధ లేదు, డబ్బాలోంచి తీసి నేరుగా కొట్టవచ్చు.

పొడవు లెక్క కష్టమేమీ కాదు. రివెట్ కలపవలసిన రేకుల మొత్తం మందానికి కాండం వ్యాసంలో ఒకటిన్నర రెట్లు కలపండి. 0.032 అంగుళం రేకును 0.040 అంగుళం మందమున్న ఫ్లాంజ్‌కు (రిబ్ లేదా స్పార్ అంచున రేకు ఆనే పట్టీకి) 3/32 రివెట్‌తో బిగిస్తున్నారనుకుందాం. రెండూ కలిపి 0.072, దానికి 0.141 కలిపితే 0.213 అంగుళం. మూడున్నర పొడవున్న రివెట్ 0.219 అంగుళం ఉంటుంది కాబట్టి సరిపోతుంది. ప్లాన్లలో రివెట్ పొడవు ఇచ్చే ఉంటారు, అయినా ప్రతి కొత్త వరుసలో మొదటి రివెట్‌ను రంధ్రంలో పెట్టి వెనక ఎంత బయటికి వచ్చిందో కొలిచి చూసుకోవడం మంచి అలవాటు. పొడవు ఎక్కువైతే రివెట్ పక్కకు వాలిపోతుంది, తక్కువైతే వెనక తల చాలినంత వెడల్పుకు రాదు. రెండింటిలో మొదటిదే ఎక్కువగా చూస్తాం.

పనిముట్ల గురించి కొద్దిగా

కంప్రెసర్, గన్ను, స్క్వీజర్, గన్ను దెబ్బకు వెనక ఆనించే లోహపు దిమ్మలైన బకింగ్ బార్లు, డింపుల్ నొక్కే డైలు, రేకులను తాత్కాలికంగా కలిపి పట్టే క్లెకోలు కొన్ని వందలు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. గన్నులలో 3ఎక్స్ సైజు 3/32 రివెట్లకూ 1/8 రివెట్లకూ సరిపోతుంది. 2ఎక్స్ గన్ను పలుచని రేకు మీద ఇంకా మృదువుగా పనిచేస్తుంది కానీ 1/8 రివెట్ల దగ్గర ఆయాసపడుతుంది. ఒక్కటే కొనేవారు 3ఎక్స్ కొనుక్కోవడం మేలు. ఎక్కడైనా డబ్బు ఎక్కువ ఖర్చుపెట్టాలంటే టంగ్‌స్టన్ బార్ మీద పెట్టమంటాను. టంగ్‌స్టన్ బరువు అదే పరిమాణంలోని ఉక్కుకు రెట్టింపు కంటే ఎక్కువ కాబట్టి, ఇరుకు చోటులో పట్టే చిన్న దిమ్మ కూడా దెబ్బకు కదలకుండా నిలుస్తుంది. క్లెకోలకు రంగుల పద్ధతి ఉంది: వెండి రంగువి 3/32కు, రాగి రంగువి 1/8కు. చెవులకు రక్షణ, కళ్లద్దాలు లేకుండా గన్ను ముట్టుకోవద్దు. మూసి ఉన్న గ్యారేజీలో ఆ మోత గంటల తరబడి వింటే చెవులు పాడవడం ఖాయం, బార్ పట్టే మనిషికి కూడా రక్షణ ఉండాలి.

రంధ్రాలు, అంచులు

కిట్ రేకులలో రంధ్రాలు ముందే పంచ్ చేసి వస్తాయి. కొత్త కిట్లలో చాలా భాగాలకు అవి చివరి సైజులోనే ఉంటాయి, పాత కిట్లలో కాస్త చిన్నవిగా ఉంటాయి. చిన్నవిగా ఉన్నప్పుడు రేకునూ అస్థిపంజరాన్నీ క్లెకోలతో బిగించి, రెండింటినీ కలిపి ఒకేసారి డ్రిల్ చేయాలి. 3/32 రివెట్‌కు 40 నంబరు బిట్ వాడతారు, అది 0.098 అంగుళం. 1/8 రివెట్‌కు 30 నంబరు బిట్, అంటే 0.1285 అంగుళం. డ్రిల్లును రేకుకు నిటారుగా పట్టండి, బిట్ బాగా తిరుగుతుండగా దించండి, నొక్కే బలం తక్కువగా ఉంచండి. బిట్ మొద్దుబారితే లోహాన్ని కోయకుండా నెడుతుంది, రంధ్రం మూడు మూలల ఆకారంలో వస్తుంది. బిట్లు ఖరీదైనవి కావు, మొద్దుబారిందని అనుమానం రాగానే మార్చేయండి. డ్రిల్లింగ్ అంతా అయ్యాక భాగాలన్నీ విప్పాలి. కొత్తవారికి ఇది వృథా శ్రమ అనిపిస్తుంది, కానీ రేకుల మధ్య ఇరుక్కున్న తురుము తీయకపోతే అవి ఎన్నటికీ ఆనుకుని కూర్చోవు.

విప్పిన తరువాత ప్రతి రంధ్రానికీ రెండు వైపులా బర్, అంటే అంచున లేచిన గరుకు లోహం, తీయాలి. ఇందుకు ఒక పిడికి అమర్చిన డీబరింగ్ కట్టర్‌ను రంధ్రంలో ఆనించి, బలం వేయకుండా రెండు మూడు చుట్లు తిప్పితే చాలు. వేలి కొసతో రాసి చూసినప్పుడు గరుకు తగలకూడదు, అదే సమయంలో రంధ్రం అంచున వాలు కనిపించేంతగా లోహం పోకూడదు. 0.016 లేదా 0.020 అంగుళం మందపు రేకు మీద అతిగా తిప్పితే అంచు కత్తిలా పలుచనైపోయి, డింపుల్ చేసేటప్పుడు అక్కడే పగులుతుంది. రంధ్రం అంచు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు: వాన్స్ సంస్థ కొన్ని భాగాల రంధ్రాలను పంచ్‌తో కాకుండా లేజర్‌తో కోయించినప్పుడు, డింపుల్ చేశాక ఆ అంచుల నుంచి పగుళ్లు రావడం 2023లో బయటపడింది, సంస్థ అటువంటి భాగాలను మార్చి ఇవ్వవలసి వచ్చింది.

రేకుల వెలుపలి అంచులకు కూడా ఇదే శ్రద్ధ అవసరం. కోత గుర్తులు ఆకురాయితో పోగొట్టి, స్కాచ్‌బ్రైట్ చక్రం మీద అంచును నునుపు చేయండి. ఒక రేకు ఇంకొక రేకు మీదికి వచ్చే చోట, పై రేకు అంచును ఎడ్జ్ రోలర్‌తో అతి స్వల్పంగా లోపలికి వంచాలి. కంటికి కనీకనిపించనంత వంపు చాలు. అది చేయకపోతే రివెట్ చేసిన తరువాత అంచు పైకి లేచి, రంగు వేశాక అక్కడ నీడలా కనిపిస్తుంది. ఎక్కువ వంచితే మొత్తం అంచు పొడవునా మడతలా కనిపిస్తుంది కాబట్టి, ముందు చెత్త ముక్క మీద రోలర్ సరిచూసుకోండి.

డింపుల్ చేయడం

చదును తల రివెట్ రేకులో సమంగా కూర్చోవాలంటే రంధ్రం చుట్టూ 100 డిగ్రీల వాలుతో గుంట ఉండాలి. మందమైన భాగంలో ఆ గుంటను కౌంటర్‌సింక్‌తో కోస్తారు. పలుచని రేకులో కోస్తే లోహమే మిగలదు కాబట్టి డైలతో నొక్కి గుంట చేస్తారు. 3/32 రివెట్‌కు 0.032 అంగుళం కంటే పలుచని రేకును ఎప్పుడూ డింపులే చేయాలి. 0.032 రేకును కూడా ఎక్కువ మంది డింపులే చేస్తారు, నా సలహా కూడా అదే. డింపుల్ చేసిన రేకు, డింపుల్ చేసిన రిబ్ ఫ్లాంజ్ దొంతర పెట్టిన ప్రమిదల్లా ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. అందువల్ల జారుడు బలంలో కొంత భాగాన్ని రివెట్ కాండమే కాక ఆ గుంటలు కూడా మోస్తాయి.

రేకు మీద నీలి రంగు ప్లాస్టిక్ పొర ఉంటే, రివెట్ వరుసల వెంట ఒక పట్టీ మేర తీసి మిగతాది గీతలు పడకుండా ఉంచుకోవచ్చు. అంచులకు దగ్గరగా ఉన్న రంధ్రాలను స్క్వీజర్‌తోనూ, రేకు మధ్యలో ఉన్నవాటిని సీ ఆకారపు పెద్ద ఫ్రేముతోనూ డింపుల్ చేస్తారు. ఫ్రేములో రెండు రకాలున్నాయి: సుత్తితో కొట్టేది ఒకటి, మీట లాగి నొక్కేది రెండోది. మీటది నిశ్శబ్దంగా ఉంటుంది, ప్రతిసారీ ఒకే బలం పడుతుంది. సుత్తిది చవక, సరిగ్గా కొడితే గుంట దానికంటే స్ఫుటంగా కూడా వస్తుంది. ఏది వాడినా రేకు ఫ్రేము బల్లకు సమమట్టంలో ఉండాలి. ఒక పక్క వేలాడితే డై చుట్టూ రేకు వంగి, ఆ వంపు రంగు కింద కూడా దాగదు.

సుత్తి ఎత్తేముందు మగ డై మొన రంధ్రంలోంచి వచ్చి ఆడ డైలో కూర్చుందో లేదో చేత్తో తాకి నిర్ధారించుకోండి. రంధ్రం పక్కన మొన పెట్టి కొడితే రేకుకు ఇంకొక రంధ్రం పడుతుంది, దానికి మరమ్మతు ఉండదు, రేకే మార్చాలి. సరైన డింపుల్‌ను గుర్తుపట్టడం ఇలా: గుంట అంచు చుట్టూ గీత గీసినట్టు స్పష్టమైన వలయం కనిపిస్తుంది, ఆ వలయం దాటిన వెంటనే రేకు చదునుగా ఉంటుంది. వలయం అస్పష్టంగా, గుండ్రంగా జారినట్టు ఉంటే దెబ్బ చాలలేదని అర్థం, మళ్లీ డైలో పెట్టి కొట్టండి. మొదటి పది పదిహేను గుంటలను భూతద్దంతో చూసి, రంధ్రం అంచు నుంచి పగుళ్లు లేవని తేల్చుకున్న తరువాతే ముందుకు సాగండి.

రెక్క స్పార్ ఫ్లాంజ్ మందంగా ఉంటుంది కాబట్టి దానిని కౌంటర్‌సింక్ చేసి, అందులో రేకు డింపుల్‌ను కూర్చోబెడతారు. ఇక్కడ లోతు రివెట్ తలకు సరిపోయేంత మాత్రమే ఉంటే చాలదు, మీద పడే రేకు మందం కూడా అందులో ఇమడాలి కాబట్టి మరో 0.007 అంగుళం దాకా లోతుగా కోయాలి. లోతు మారకుండా ఆపే మైక్రోస్టాప్ పంజరంలో కట్టర్ బిగించి, చెత్త ముక్క మీద కోసి, డింపుల్ చేసిన రేకు ముక్కను అందులో పెట్టి చూసి, అది ఊగకుండా ఆనితేనే అసలు స్పార్ మీదికి వెళ్లండి. ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే కౌంటర్‌సింక్ కట్టర్లు ఎక్కువగా 82 డిగ్రీలవి. వాటిని విమానం దగ్గరకు రానీయకండి.

లోపలి ఉపరితలాలకు ప్రైమర్ వేయాలా వద్దా అన్నదాని మీద కిట్లు కట్టేవారు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. ఆల్‌క్లాడ్ రేకుకు రెండు వైపులా శుద్ధ అల్యూమినియం పొర ఉండి కొంత కాపాడుతుంది. సముద్ర తీరాన ఉండేవారు మాత్రం వేయడమే మంచిది. వేసేవారు పలుచగా వేసి, పూర్తిగా ఆరాకే రివెటింగ్‌కు రండి. జింక్ క్రోమేట్ వాడితే శ్వాస రక్షణ తప్పనిసరి, అందులోని క్రోమియం క్యాన్సర్‌కు దారితీసే రకం.

బిగించే క్రమం

రేకును అస్థిపంజరం మీద పెట్టి, మొదట మధ్యలోనూ మూలలలోనూ క్లెకోలు వేసి, తరువాత ఒక రంధ్రం వదిలి ఒక రంధ్రానికి వేయండి. రివెట్లను రేకు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి జరపాలి. చుట్టూ అంచులు ముందు బిగించి మధ్యకు వస్తే, కాస్త అదనంగా మిగిలిన రేకు పోయే దారి లేక మధ్యలో ఉబ్బుతుంది, వేలితో నొక్కితే టక్కుమని లోపలికీ బయటికీ పోతుంది. ఎండ పడే కిటికీ పక్కన రెక్క పెట్టుకుని పనిచేయవద్దు. ఎండకు కాగిన రేకు నీడలో ఉన్న స్పార్ కంటే 10 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉందనుకుంటే, మూడు మీటర్ల పొడవున దాదాపు 0.7 మిల్లీమీటరు తేడా వస్తుంది. రంధ్రం వ్యాసమే రెండున్నర మిల్లీమీటర్లు ఉన్నప్పుడు అది చిన్న తేడా కాదు.

మూడు పద్ధతులలో ఏది వాడాలన్న ప్రశ్నకు నా క్రమం స్థిరంగా ఉంటుంది: స్క్వీజర్ అందే ప్రతి రివెట్‌నూ స్క్వీజర్‌తోనే బిగించాలి, అది అందని చోట బ్యాక్ రివెటింగ్ చేయాలి, రెండూ కుదరని చోటే గన్నూ బారూ. స్క్వీజర్ రెండు దవడల మధ్య నెమ్మదిగా నొక్కుతుంది, జారదు, ప్రతి తలా ఒకే ఎత్తులో వస్తుంది. బ్యాక్ రివెటింగ్‌లో రేకును బోర్లించి, రివెట్ తలలు జారకుండా టేపు అంటించి, తలల కింద చదును ఉక్కు పలక ఉంచి, వెనక వైపు నుంచి గన్నుకు తగిలించిన ప్రత్యేక సెట్‌తో (దెబ్బ వేసే ముక్కతో) కొడతారు. తోకలోని రడ్డర్, ఎలివేటర్ రేకులకు, అవి వంగకుండా ఆపే స్టిఫెనర్లు అతికేందుకు దీనిని మించిన పద్ధతి లేదు. బయటి రేకు అద్దంలా ఉంటుంది. అయితే రివెట్ కింద పలక ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. పలక అంచు దాటి కొట్టిన ఒక్క దెబ్బకు రేకులో లోతైన సొట్ట పడుతుంది. పలక హద్దులను బల్ల మీద రంగు టేపుతో గుర్తు పెట్టుకుంటే ఈ ప్రమాదం తప్పుతుంది.

గన్నూ బారూ

అసలు విమానం మీదికి వెళ్లేముందు చెత్త రేకు ముక్కలు రెండు డింపుల్ చేసి, వాటి మీద రివెట్లు కొట్టి, డ్రిల్ చేసి తీసి, మళ్లీ కొట్టండి. ఈఏఏ సంస్థ, అంటే 1953లో పాల్ పోబెరెజ్నీ స్థాపించిన ప్రయోగాత్మక విమాన సంఘం, రేకుల పని మీద వారాంతపు శిక్షణ తరగతులు నడుపుతుంది. వాటికి వెళ్లగలిగితే చేయి త్వరగా తిరుగుతుంది. హైదరాబాద్ శివారు ఆదిభట్లలో సి-130జె తోక భాగాలు తయారయ్యే కర్మాగారంలోనో, అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజిలాజ్‌లు తయారయ్యే కర్మాగారంలోనో పనిచేసినవారు బంధువర్గంలో ఉంటే వారినే ఒక సాయంత్రం పిలిచి చూపించమనండి, అంతకంటే మంచి గురువులు దొరకరు.

గాలి పీడనాన్ని గన్ను దగ్గరే సరిచేసే రెగ్యులేటర్ పెట్టుకోండి. 3ఎక్స్ గన్నుతో 3/32 రివెట్‌కు 30 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర, 1/8 రివెట్‌కు 40 దగ్గర మొదలుపెట్టి, చెత్త ముక్క మీద చూసుకుంటూ మార్చుకోవచ్చు. రెండు మూడు సెకన్లలో వెనక తల సరైన ఎత్తుకు రావాలి. పీడనం మరీ తక్కువైతే దెబ్బల సంఖ్య పెరిగి రివెట్ లోహం గట్టిపడుతుంది, ఆపైన కొట్టేకొద్దీ పగులుతుంది. మరీ ఎక్కువైతే సెట్ ఎగిరి రేకు మీద పడుతుంది. గన్నులో సెట్‌ను ఆపే స్ప్రింగ్ లేకుండా, లేదా సెట్‌ను దేనికీ ఆనించకుండా ట్రిగ్గర్ నొక్కకండి. సెట్ తూటాలా దూసుకుపోతుంది.

చదును తలలకు రబ్బరు అంచు ఉన్న, ఎటైనా కాస్త వంగే స్వివెల్ సెట్ వాడండి. సెట్‌ను రివెట్ తల మీద నిటారుగా ఆనించి, రెండో చేతి వేళ్లను రబ్బరు అంచు చుట్టూ ఉంచి జారకుండా పట్టండి. అవతలి వైపు బార్‌ను రివెట్ కొస మీద చదునుగా ఆనించాలి. ఇక్కడ బలాల లెక్క ముఖ్యం: గన్ను వైపు గట్టిగా నెట్టాలి, బార్ వైపు దాని బరువుకు తోడు కొద్దిగా ఒత్తిడి ఉంటే చాలు. బార్ వైపు ఎక్కువ నెడితే రివెట్ తల గుంటలోంచి పైకి లేచి, అలాగే బిగుసుకుపోతుంది. ముందు ట్రిగ్గర్‌ను ఒక్క క్షణం తాకి ఆపి, తల కూర్చుందని చూసుకుని, తరువాత ఒకే విడతలో పూర్తిచేయండి. చెవి రక్షణలోంచి కూడా మోత మారడం వినిపిస్తుంది. రివెట్ అణుగుతున్నంతసేపు మెత్తగా ఉండే శబ్దం, తల ఏర్పడగానే ఖంగుమని గట్టిపడుతుంది. నాలుగు వరుసలు కొట్టాక చేయి ఆ మార్పుకే ఆగుతుంది.

బార్ అంచులకూ, అది తగిలే అవకాశమున్న రిబ్ ఫ్లాంజ్‌కూ మాస్కింగ్ టేపు అంటించండి. సొట్టలలో చాలా వరకు గన్ను వల్ల కాదు, బార్ జారి లోపలి నుంచి రేకును గుద్దడం వల్ల పడతాయి. వెలుతురు కోసం తలకు దీపం కట్టుకోండి.

రెక్క కింది రేకు చివరగా మూసేటప్పుడు ఇద్దరు కావాలి. ఒకరు గన్ను పడతారు, ఇంకొకరు రేకును కొద్దిగా ఎత్తి చేయి లోపలికి పెట్టి తడుముకుంటూ బార్ ఆనిస్తారు. నిజానికి బార్ పట్టడమే కష్టమైన పని, అనుభవం ఉన్న మనిషి అటు ఉండాలి. కొత్తవారిని, ఇంట్లోవారైనా సరే, గన్ను వైపు నిలబెట్టండి. బార్ ఆనించిన వ్యక్తి "ఊఁ" అనేవరకు ట్రిగ్గర్ తాకకూడదన్నది ఏకైక నియమం. మాట వినిపించని చోట మెకానిక్కులు రేకు మీద తట్టి చెప్పుకునే పాత పద్ధతి ఉంది: ఒకసారి తడితే ఇంకొంచెం కొట్టమని, రెండుసార్లు తడితే బాగుందని, మూడుసార్లు తడితే తీసేయాలని.

పరిశీలన

సరిగ్గా కుదిరిన వెనక తల వ్యాసం కాండానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉంటుంది. 3/32 రివెట్‌కు అది సుమారు 3.6 మిల్లీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల ఎత్తు. 1/8 రివెట్‌కు 4.8, 1.6. ఈ కొలతలకు తయారైన గేజ్ దొరుకుతుంది, దానిని జేబులో ఉంచుకుని మొదట్లో ప్రతి తలనూ, తరువాత అక్కడక్కడా కొలవండి. ముందు వైపు వేలితో రాసి తల రేకుతో సమంగా ఉందో చూడండి. తల కింద గానీ రేకుల మధ్య గానీ పలుచని ఫీలర్ గేజ్ దూరితే ఆ రివెట్ తన పని చేయడం లేదు. గుండ్రని తల మీద నెలవంక ఆకారపు గాటు కనిపిస్తే సెట్ వాలిందని అర్థం. గాటు తల మీదే ఉండి తేలికగా ఉంటే అందానికే లోటు, రేకులోకి దిగితే లెక్కలోకి తీసుకోవాలి.

కాస్త వంకరగా వచ్చిన ప్రతి రివెట్‌నూ పీకేయాలన్న ఆరాటం కొత్తవారిలో ఎక్కువ. ఇక్కడ నిగ్రహం అవసరం. వెనక తల కొద్దిగా ఒక పక్కకు జరిగినా, రంధ్రాన్ని పూర్తిగా కప్పి, కనీస వ్యాసం ఉండి, పగుళ్లు లేకుండా ఉంటే దానిని వదిలేయడమే మంచిది. తీసే క్రమంలో రంధ్రం పెద్దదై, తిరిగి కొట్టిన రివెట్ మొదటిదానికంటే బలహీనంగా ఉండే అవకాశం ఎక్కువ. తేల్చుకోలేకపోతే ఫోటో తీసుకుని, ఈఏఏ టెక్నికల్ కౌన్సెలర్‌ను ఇంటికి పిలిచి చూపించండి. ఆ సంఘం స్వచ్ఛంద కార్యకర్తలు కట్టే విమానాన్ని చూసి సలహా ఇస్తారు. ఆ ఫోటోలు ఎలాగూ నిర్మాణ పుస్తకంలో ఉండాలి, ధ్రువపత్రం వేళ పరీక్షకుడు అడుగుతాడు.

తీయక తప్పనప్పుడు

తల మధ్యలో ఉన్న ఆ చిన్న గుంటే ఇప్పుడు డ్రిల్లుకు దారి చూపుతుంది. రంధ్రం సైజుకు మించని బిట్‌ను అందులో పెట్టి, మొదట చేత్తోనే తిప్పి కూర్చోబెట్టి, తరువాత నెమ్మదిగా తల మందం వరకే డ్రిల్ చేయండి. అదే సైజు పిన్ పంచ్‌ను ఆ రంధ్రంలో పెట్టి పక్కకు వంచితే తల ఊడివస్తుంది. కాండాన్ని సుత్తితో కొట్టి తోసేముందు వెనక వైపు రేకుకు ఆధారం ఉండాలి, లేకపోతే ఫ్లాంజ్ వంగి, రేకుకూ ఫ్లాంజ్‌కూ మధ్య ఖాళీ వస్తుంది. పలుచని ఫ్లాంజ్ అయితే కొట్టకండి. వెనక తలను కట్టర్‌తో పట్టి, అటూ ఇటూ తిప్పుతూ లాగండి.

రంధ్రం సాగిపోయి 3/32 రివెట్ వదులైతే ఎన్‌ఏఎస్1097 ఏడీ4 అనే రివెట్ ఉంది. దాని కాండం 1/8 అంగుళం, తల మాత్రం చిన్నది, దాదాపు 3/32 చదును తల అంతే ఉంటుంది. రంధ్రాన్ని 30 నంబరు బిట్‌తో సరిచేసి అదే డింపుల్‌లో దీన్ని కొట్టవచ్చు. రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకు కనీసం రెండు వ్యాసాల దూరం, అంటే ఈ కాండానికి పావు అంగుళం, ఉందో లేదో ముందు కొలవండి. లేకపోతే కొట్టకుండా కిట్ తయారీదారును అడగండి.

ఇలా తీసిన తలలూ తోకలూ డ్రిల్ తురుమూ రెక్క లోపలే పడతాయి. చివరి రేకు మూయబోయే ముందు వాక్యూమ్ క్లీనర్ గొట్టంతో ప్రతి గదినీ శుభ్రం చేయండి. ముఖ్యంగా రెక్క చివరి ఐలరాన్‌ను కదిపే మీట, అంటే బెల్‌క్రాంక్ చుట్టూ, నీరు పోయే రంధ్రాల దగ్గర, వైర్లు దూరే గొట్టాల మొదట్లో వెతకండి. తరువాత రెక్కను ముందు అంచు మీదా, వెనక అంచు మీదా నిలబెట్టి తట్టి, లోపల ఏదైనా గలగలలాడుతోందేమో వినండి. వినిపిస్తే అది దొరికేదాకా ఆ రేకును మూయకండి.